హ్యామిల్టన్ అడ్రసుతో నాలుగు పాటల కంట్రీ గాస్పెల్ రికార్డు: ఎప్పటిదో, ఎవరు నొక్కారో తేల్చడం ఎలా?

ప్రశ్న (ఒహాయో_వాసి)

అందరికీ నమస్కారం. డేటన్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో డాలరుకు దొరికిన ఏడంగుళాల కంట్రీ గాస్పెల్ (అమెరికా పల్లె బాణీలో క్రైస్తవ భక్తిగీతాలు) రికార్డు గురించి అడుగుతున్నాను.

45 వేగం (నిమిషానికి 45 చుట్లు), మధ్యలో పెద్ద చిల్లు, పక్కకు రెండేసి చొప్పున నాలుగు పాటలు. అట్ట కవరు లేదు, ఉత్త తెల్ల కాగితం సంచి. నీలం లేబులు మీద వెండి రంగు అక్షరాలు. పైన ఒక కుటుంబం పేరు, కింద పాటల పేర్లు, ఆ కింద రూట్ 3, హ్యామిల్టన్, ఒహాయో అని అడ్రసు. జిప్ కోడు (మన పిన్ కోడు లాంటిది) లేదు, సంవత్సరం లేదు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట కూడా ఆ కుటుంబం పేరే వేశారు. ఐదంకెల నంబరు ఒకటుంది: ఒక పక్క బేసి సంఖ్య, రెండో పక్క దాని వెంటనే వచ్చే సరి సంఖ్య.

పాడినవాళ్ళు ముగ్గురు. ఒక మగ గొంతు, రెండు ఆడ గొంతులు. రెండు గిటార్లు, అందులో ఒకటి ఎలక్ట్రిక్. డ్రమ్స్ లేవు. మూడో పాటలో పల్లవి చివర పెద్దావిడ గొంతు మిగతా ఇద్దరినీ దాటి పైకి వెళ్తుంది. గిటారు ఆగిపోయాక కూడా ఆ స్వరం ఒక్క క్షణం ఒంటరిగా నిలబడి, ఊపిరి తీసుకున్న చప్పుడుతో తెగుతుంది. ఈ రికార్డు సంగతి తేల్చాలని పట్టుదల వచ్చింది ఆ ఒక్క చోటు విన్నాకే.

కుటుంబం పేరుతో రికార్డుల జాబితాలుండే డిస్కాగ్స్‌, 45క్యాట్‌ సైట్లలో, యూట్యూబ్‌లో వెతికాను. ఏమీ లేదు. రెండో పక్క అంతా చిరచిర, గట్టిగా పాడిన చోట గొంతు చీలినట్టు వస్తోంది. పైన అక్కడక్కడా తెల్ల మచ్చలు. నా ప్లేయరుకు ఉన్న కార్ట్రిడ్జి (ముల్లు బిగించే భాగం) ఆడియో టెక్నికా వీఎం95ఈ.

ఇది ఏ కాలానిది? ఎవరు నొక్కారు, అంటే ఏ ఫ్యాక్టరీలో అచ్చు వేశారు? పాడుచేయకుండా కడిగి, కంప్యూటరులోకి ఎక్కించడం ఎలా? ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

జవాబు (గాడి_చూపు)

లేబులు సంగతి తర్వాత చూద్దాం. పాట అయిపోయాక లేబులు దాకా నల్లగా, నున్నగా ఉండే ఖాళీ చుట్టు ఉంటుంది కదా, ముందు దాన్ని చదవండి. ఇలాంటి రికార్డుకు జన్మపత్రిక అక్కడే ఉంటుంది. లేబులు మీద కస్టమరు ఏం రాయమంటే అది వేస్తారు, సొంత కంపెనీ పేరు కావాలంటే అదీ వేస్తారు. ఖాళీ చుట్టులో ఉండేది మాత్రం ఫ్యాక్టరీ వాళ్ళు తమ పని కోసం చెక్కుకున్న గుర్తు.

చదివే పద్ధతి: గదిలో పెద్ద లైటు ఆర్పి, చిన్న టార్చి రికార్డు అంచు దగ్గర దాదాపు పడుకోబెట్టినంత వాలుగా పెట్టండి. రికార్డును చేత్తో మెల్లగా తిప్పుతుంటే చెక్కిన గీతలు ఒక కోణంలో తళుక్కుమంటాయి. అక్కడ ఆపి ఫోనులో దగ్గరి ఫొటో తీయండి. సుద్ద, పౌడరు రుద్దవద్దు, గాడిలోకి పోతుంది. చేత్తో గీసినవేవో, అచ్చుతో పొడిచినవేవో వేరువేరుగా రాసుకోండి. తలకిందులుగా కనబడినవి, కొట్టేసినవి కూడా వదలొద్దు.

మీరు చెప్పిన గుర్తులన్నీ సిన్సినాటిలోని రైట్ రికార్డు ప్రొడక్షన్స్ వైపు చూపిస్తున్నాయి. హ్యామిల్టన్ నుంచి సిన్సినాటి పాతిక మైళ్ళ లోపే. రైట్ వాళ్ళు బయటివాళ్ళ ఆర్డర్లకు రికార్డులు నొక్కేవాళ్ళు. ఒక రికార్డు రెండు పక్కలకూ వరస నంబర్లు ఇవ్వడం వాళ్ళ అలవాటు. లేబులు మీద ఆ నంబరు చూసి చాలామంది కంపెనీ క్యాటలాగు నంబరనుకుంటారు. అది ఫ్యాక్టరీ వరస. అదే నంబరు ఖాళీ చుట్టులో కూడా కనబడి, పక్కన సీపీ అన్న అక్షరాలతో ఇంకో నంబరు ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. సీపీ వెంట ఉన్నది ఖాతా నంబరు, అంటే ఆర్డరిచ్చినవారిది.

ఈ ఖాతా నంబరు చాలా విలువైన ఆధారం. కుటుంబం పేరుతో వెతికితే ఏమీ రాకపోవచ్చు. అదే ఖాతా మీద నొక్కిన ఇంకో రికార్డు డిస్కాగ్స్‌లో వేరే పేరుతో ఉండవచ్చు. ఒక్కోసారి ఖాతా కుటుంబానిది కాదు, ఊళ్ళో స్టూడియో నడిపిన మనిషిదో, రేడియోలో ప్రసంగించే పాస్టరుదో అవుతుంది. అలాంటప్పుడు ఒకే ఖాతా కింద నాలుగైదు కుటుంబాల రికార్డులు దొరుకుతాయి. వాటిలో ఒకదానికి అట్ట, ఫొటో ఉన్నా మీ పని సగం అయినట్టే.

సంవత్సరం విషయం. రైట్ నంబర్లు కాలంతోపాటు పెరుగుతూ పోయాయి. తేదీ కచ్చితంగా తెలిసిన రికార్డులను వరసలో పెట్టి సేకర్తలు పట్టికలు కట్టారు. మీ నంబరుకు ముందూ వెనకా ఉన్న రికార్డులు నాలుగు పట్టుకుంటే ఏడాదికి అటూ ఇటూగా తేలుతుంది. జిప్ కోడు లేకపోవడం కొంత సాయమే, కానీ దాని మీదే ఆధారపడకండి. అమెరికాలో జిప్ కోడ్లు 1963 జూలై 1న వచ్చాయి. అడ్రసులో జిప్ కోడు ఉంటే రికార్డు కచ్చితంగా ఆ తర్వాతిదే. లేకపోతే అంతకు ముందుదని కాదు. పల్లెల్లో జనం చాలా ఏళ్ళు పాత పద్ధతిలోనే అడ్రసు రాశారు, అచ్చుకు ఇచ్చిన కాగితంలోనూ అలాగే ఇచ్చారు. స్టీరియో రికార్డులు 1958 నుంచి మార్కెట్లో ఉన్నా చిన్న ఆర్డర్లు ఆ తర్వాత కూడా చాలాకాలం మోనోలోనే జరిగాయి కాబట్టి, మోనో అన్నంత మాత్రాన కాలం చెప్పలేం.

ఖాళీ చుట్టులో రైట్ గుర్తులు లేకుండా వేరేవి ఉంటే ఇలా చూడండి. ఎక్స్‌టీవీ, జెడ్‌టీఎస్‌పీ అని మొదలైతే కొలంబియా కంపెనీ వాళ్ళ కస్టమ్ విభాగం, అంటే బయటి ఆర్డర్లు నొక్కేది. ఎస్ఓ అని ఉండి అంకెలుంటే నాష్‌విల్‌లోని సదరన్ ప్లాస్టిక్స్, ఇప్పటి యునైటెడ్ రికార్డ్ ప్రెసింగ్. ఆర్‌సీఏ కస్టమ్ అయితే తేదీ పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే వాళ్ళ కోడులో మొదటి అక్షరమే సంవత్సరం. ఎఫ్ అంటే 1955. అక్కడి నుంచి వరసగా జీ, హెచ్, జే, కే, ఎల్ 1960, ఎమ్, ఎన్, పీ, ఆర్, ఎస్ 1965, టీ, యూ, డబ్ల్యూ, ఎక్స్, జెడ్ 1970. మధ్యలో ఐ, ఓ, క్యూ, వీ, వై వదిలేశారు. ఆ వదిలినవి గుర్తులేకపోతే లెక్క ఒకటి రెండేళ్ళు తప్పుతుంది. ఇంకో జాగ్రత్త: ఆ అక్షరం ఆ టేపును ఫ్యాక్టరీ ఎక్కించుకున్న ఏడాది. అదే అచ్చుతో తర్వాతి ఏళ్ళలో మళ్ళీ నొక్కి ఉండవచ్చు.

హ్యామిల్టన్ అడ్రసు కూడా ఊరికే రాలేదు. తూర్పు కెంటకీ కొండల్లో బొగ్గు గనుల పని తగ్గేకొద్దీ కుటుంబాలకు కుటుంబాలు ఉత్తరానికి తరలి హ్యామిల్టన్, మిడిల్‌టౌన్, డేటన్ ఫ్యాక్టరీల చుట్టూ స్థిరపడ్డాయి. బాప్టిస్టు, హోలీనెస్, పెంతెకొస్తు సంఘాలనూ అక్కడి పాట పద్ధతినీ వెంట తెచ్చుకున్నాయి. సిన్సినాటిలో కింగ్ రికార్డ్స్ 1943 నుంచే ఉంది. డెల్మోర్ అన్నదమ్ములు, మెర్ల్ ట్రావిస్, గ్రాండ్‌పా జోన్స్ కలిసి బ్రౌన్స్ ఫెర్రీ ఫోర్ పేరుతో గాస్పెల్ పాడింది దానికే. కాబట్టి మీ రికార్డులో వినిపించే ఎలక్ట్రిక్ గిటారు శైలికి ఆ ఊళ్ళో గట్టి పునాది ఉంది. ఇలాంటి కుటుంబాలు కొన్ని వందల రికార్డులు నొక్కించుకుని ఆరాధనల తర్వాత గుడి గుమ్మం దగ్గర, పాటల సభల్లో, స్థానిక రేడియో కార్యక్రమం ద్వారా అమ్ముకునేవి. దుకాణాలకు వెళ్ళని సరుకు కాబట్టే ఏ జాబితాలోనూ దొరకదు.

జవాబు (ముల్లు_మొన)

కడగడం, వినడం, ఎక్కించడం గురించి నేను చెప్తాను.

మొదట పదార్థం ఏమిటో చూసుకోవాలి. లక్కతో చేసిన పాత 78 వేగం రికార్డుల మీద ఆల్కహాలు పడకూడదు, లక్క కరిగిపోతుంది. మధ్యలో అల్యూమినియం పళ్ళెం ఉన్న స్టూడియో నమూనా డిస్కుల మీదా పడకూడదు. పెద్ద కంపెనీల 45లు కొన్ని వినైలు కాకుండా స్టైరీన్ అనే ఇంకో ప్లాస్టిక్కుతో చేసినవి. వాటికీ ఆల్కహాలు దూరంగా ఉంచడమే మేలు. అంచు కొంచెం వంగే గుణముండి, లేబులు ప్లాస్టిక్కులో కలిసిపోయినట్టుంటే వినైలు. గట్టిగా, తేలిగ్గా ఉండి లేబులు పైన అంటించినట్టు తెలిస్తే స్టైరీన్. మీది రైట్ అయితే వినైలే.

వినైలుకు: డిస్టిల్డ్ వాటర్ మూడు పాళ్ళు, 99 శాతం ఐసోప్రోపైల్ ఆల్కహాలు ఒక పాలు. పావు లీటరుకు ఫొటో ల్యాబుల్లో వాడే ఇల్ఫోటాల్ లాంటి చెమ్మనిచ్చే ద్రవం రెండు చుక్కలు. నీళ్ళు గాడిలోకి దిగేది ఆ చుక్కల వల్లే, అవి లేకపోతే పైన ముత్యాల్లా నిలబడిపోతాయి. గిన్నెలు తోమే సబ్బు వద్దు. అందులోని రంగూ వాసనా గాడి అడుగున పొరగా మిగిలి, తర్వాత ముల్లుకు జిగటగా అంటుకుంటాయి. కుళాయి నీళ్ళలో సున్నం ఉంటుంది, ఆరాక అదే కొత్త చిరచిర.

లేబులు మీద గుండ్రటి ప్లాస్టిక్ మూత అదిమి పట్టుకోండి. నీలం మీద వెండి అచ్చు తడిస్తే ఊడివస్తుంది. మెత్తటి బ్రష్షుతో గాడి పోయే దిశలోనే, ఎప్పుడూ అడ్డంగా కాదు, పక్కకు ఒక నిమిషం రుద్దండి. అది ఆరక ముందే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండు సార్లు కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, నిలబెట్టి గంట ఆరనివ్వండి. చాలామంది తప్పు చేసేది ఈ కడిగే దశలోనే. మురికిని కరిగించి అక్కడే ఆరబెట్టేస్తారు.

తెల్ల మచ్చలు రెండు రకాలు. వేలితో తాకితే పొడిలా లేచేది బూజు. దాన్ని బయట గాలిలో, ముక్కుకు మాస్కు కట్టుకుని తుడవండి. ఆ కాగితం సంచి పారేయండి, బూజు విత్తనాలు అందులోనే ఉంటాయి. సంచి మీద చేతిరాత ఏదైనా ఉంటే ముందు ఫొటో తీసుకోండి. కడిగినా కదలని మచ్చ అయితే అది పదార్థంలోనే ఉంది. చిన్న ఆర్డర్లు నొక్కే ఫ్యాక్టరీల్లో పాడైన రికార్డులను తిరిగి రుబ్బి కలిపేవాళ్ళు. ఒక్కోసారి లేబులు కాగితం ముక్కలు కూడా అందులో పడేవి. దాని చప్పుడు ఎంత కడిగినా పోదు. గట్టిగా పాడిన చోట కాకుండా, ఒకే ప్రాంతంలో తిరిగిన ప్రతిసారీ బట్ట చింపినట్టు వస్తే అది వేడి ప్లాస్టిక్కు గాడి నిండా పారకపోవడం. దానికీ మందు లేదు. ఈ రెండూ కాదని తేలాకే మళ్ళీ మళ్ళీ కడగడంలో అర్థం ఉంది, లేకపోతే లేబులును అనవసరంగా ప్రమాదంలో పెట్టినట్టే.

గొంతు చీలడం మాత్రం అరుగుదల. ఆ కాలపు ఇళ్ళలోని ప్లేయర్లలో బరువైన చెయ్యి, సిరామిక్ కార్ట్రిడ్జి, ఏళ్ళ తరబడి మార్చని ముల్లు. గాడి గోడల్లో ఒక ఎత్తున ఆ ముల్లు కోసేసింది. ఏడంగుళాల మీద పక్కకు ఐదారు నిమిషాలు ఇరికించాలంటే గాడిని సన్నగా, మెల్లటి శబ్దంతో కోయాలి. అందుకే నాలుగు పాటల రికార్డుల్లో చప్పుడు పాట మీదికి ఎక్కువ వస్తుంది. లేబులు దగ్గరి రెండో పాటలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ చుట్టు చిన్నదై అదే శబ్దం తక్కువ పొడవులో పట్టాలి.

మీ దగ్గరున్న 95ఈ ముల్లు 0.3, 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కోడిగుడ్డు ఆకారం, బరువు 2 గ్రాములు. మంచిదే. అదే కార్ట్రిడ్జికి వేరే ముళ్ళు తగులుతాయి, అదే దాని గొప్ప. 95సీ గుండ్రటి మొన, 0.6 మిల్. 95ఎంఎల్ సన్నగా గాడి లోతుకు దిగుతుంది. పాత ముల్లు కోసిన ఎత్తును తప్పించి, ముట్టని చోట తాకడమే మన ఉపాయం. ఏది నప్పుతుందో ముందుగా చెప్పలేం, రెండూ పెట్టి విని తేల్చుకోవాలి. 78ల కోసం చేసిన 95ఎస్‌పీ ముల్లు 3 మిల్, 5 గ్రాములు. దాన్ని దీని మీద పెడితే గాడిలో దిగదు, పైన జారి గీతలు పెడుతుంది. 1 మిల్ మోనో ముల్లు ఎవరి దగ్గరైనా దొరికితే తప్పక ప్రయత్నించండి, మోనో గాడి కోసింది ఆ కొలతకే.

పెద్ద చిల్లుకు అడాప్టరు బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే రికార్డు పక్కకు జరిగి శ్రుతి ఊగుతుంది. అడాప్టరు సరిగ్గా ఉన్నా ఊగితే చిల్లే మధ్యలో పడలేదు. ముల్లు మోసే చెయ్యి ప్రతి తిప్పుకీ అటూ ఇటూ నడుస్తుందో లేదో కళ్ళతోనే కనబడుతుంది. పెద్ద చిల్లు రికార్డుకు ఇది సులభం: అడాప్టరు తీసేసి, చెయ్యి నిలకడగా నిలిచేదాకా రికార్డును మిల్లీమీటరులో కొంత జరుపుతూ సరిచేయవచ్చు.

ఎక్కించేటప్పుడు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. అత్యంత గట్టి చోట మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. పక్కకు సుమారు 200 ఎంబీ అవుతుంది. మోనో రికార్డయినా స్టీరియోలోనే ఎక్కించండి. ఎందుకంటే గాడికి రెండు గోడలు. లోపలి గోడ ఎడమ చానలు, బయటి గోడ కుడి చానలు. పాత ప్లేయర్లలో ముల్లు లోపలి గోడ మీదికి లాగబడేది కాబట్టి ఎక్కువసార్లు ఎడమ పక్క అరిగి, కుడి పక్క శుభ్రంగా మిగులుతుంది. ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో రెండు చానళ్ళూ విడదీసి ఒక్కొక్కటే వినండి. రెండూ సమానంగా ఉంటే కలపండి, నిలువు కదలిక వల్ల వచ్చే గరగర చాలావరకు రద్దయిపోతుంది. ఒకటి చీలి, ఒకటి బాగుంటే బాగున్నది మాత్రమే ఉంచి రెండోది వదిలేయండి. కలిపితే మంచిదాన్ని కూడా పాడుచేసుకున్నట్టే.

టిక్కుమనే శబ్దాలు తీసే సాధనం మితంగా వాడండి. మొత్తం హోరును తీసే సాధనం జోలికి వెళ్ళకండి. మీరు చెప్పిన ఆ గొంతు ఒంటరిగా నిలిచే చోట, ఊపిరి చప్పుడు దగ్గర, అది నీళ్ళలో మునిగినట్టు మారుస్తుంది. ముట్టని మూల ఫైలు విడిగా దాచండి.

వేగం కూడా చూడండి. చిన్న స్టూడియో టేపు యంత్రాలు కొంచెం వేగంగానో మెల్లగానో నడిచేవి. గిటార్ల శ్రుతిని ప్రామాణిక శ్రుతితో పోల్చండి. అర స్వరం తేడా అంటే సుమారు 6 శాతం వేగం తేడా. కాపో (గిటారు మెడ మీద బిగించి శ్రుతి పెంచే పట్టీ) వేసుకుని వాయించి ఉండవచ్చు కాబట్టి పూర్తి అర స్వరం తేడా వస్తే ముట్టుకోకండి. రెండు స్వరాల మధ్య ఎక్కడో పడితేనే వేగం అనుమానించాలి.

ఒహాయో_వాసి

గాడి_చూపు గారూ, ముల్లు_మొన గారూ, ఎంతో ఓపికగా చెప్పారు. టార్చి పెట్టి చూశాను. లేబులు మీది ఐదంకెలే ఖాళీ చుట్టులో కూడా ఉన్నాయి, పక్కన సీపీ అని నాలుగంకెలు. కడిగాక మొదటి పక్క బాగా తేటపడింది. రెండో పక్క విడదీసి వింటే కుడి చానల్లో చీలిక దాదాపు లేదు. ఒకే ఒక్క మచ్చ మాత్రం కదల్లేదు. ఖాతా నంబరుతో వెతికితే అదే ఊరి అడ్రసుతో వేరే కుటుంబం రికార్డు ఒకటి కనబడింది. ఇక మనుషుల్ని పట్టుకోవడం ఎలా?

జవాబు (పాత_పేపర్లు)

అయితే ఖాతా బహుశా కుటుంబానిది కాదు, ఆ రెండు కుటుంబాలకూ ఉమ్మడి మనిషిది. సంఘం పాస్టరో, రేడియో కార్యక్రమం నడిపినవారో అయి ఉంటారు. కాబట్టి పాటగాళ్ళ పేరుతో పాటు గుడి పేరు కోసం వెతకండి.

హ్యామిల్టన్ పాత వార్తాపత్రికలు డిజిటల్ రూపంలో ఉన్నాయి. శనివారం సంచికల్లో గుడి ప్రకటనల పేజీ చూడండి. ఆదివారం ఎవరు పాడతారో, ఏ ఊరి నుంచి ఏ కుటుంబం వస్తోందో చిన్న అక్షరాల్లో వేసేవాళ్ళు. కుటుంబం పేరొక్కటే కొడితే వేల ఫలితాలు వస్తాయి. పేరుకు ముందు ‘ది’ చేర్చి, వెనక ‘ఫ్యామిలీ’, ‘ట్రియో’, ‘సింగర్స్’ మార్చి మార్చి కొట్టండి. స్కానింగులో అక్షరాలు తప్పుగా చదివి ఉంటాయి, అందుకే ఒక అక్షరం అటూ ఇటూ మార్చి కూడా చూడాలి. ఆ తర్వాత మరణవార్తలు. గాస్పెల్ బృందంలో పాడినవారి మరణవార్తలో తరచూ ఆ మాట ఉంటుంది, కెంటకీలో పుట్టిన కౌంటీ (జిల్లా లాంటిది) కూడా ఉండవచ్చు. ఆ కౌంటీ తెలిస్తే పాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసినట్టే.

హ్యామిల్టన్‌లోని లేన్ పబ్లిక్ లైబ్రరీలో పాత సిటీ డైరెక్టరీలు అడగండి. ఏ ఏడాది ఏ అడ్రసులో ఎవరున్నారు, ఏ ఫ్యాక్టరీలో పని చేశారు అన్నది వాటిలో ఉంటుంది. ‘రూట్ 3’ ఊరి బయట టపా మార్గం కాబట్టి ఇంటి నంబరు దొరకకపోవచ్చు, పేరుతోనే చూడాలి.

పాటల విషయంలో లేబులు మీది పేరు నమ్మకండి. చాలామంది మొదటి పాదాన్నే పాట పేరుగా వేశారు, రచయిత చోట పాడినవారి పేరు వేశారు. స్టాంప్స్-బాక్స్టర్, జేమ్స్ డి. వాన్, హార్ట్‌ఫర్డ్ మ్యూజిక్ కంపెనీల పాటల పుస్తకాల్లో మొదటి పాదాల సూచికలు చూడండి. నాలుగింటిలో మూడు అక్కడ దొరికితే, దొరకని నాలుగోది ఆ కుటుంబం సొంత పాట కావచ్చు. నిజంగా అరుదైనది అదే. మీరు చెప్పిన మూడో పాటను ముందుగా వెతకండి.

దాచడానికి, అడగడానికి సరైన చోట్లు: కెంటకీలోని బెరియా కాలేజీ ధ్వని సేకరణ, మర్ఫ్రీస్‌బరోలో మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ సెంటర్ ఫర్ పాపులర్ మ్యూజిక్, జాన్సన్ సిటీలోని ఆర్కైవ్స్ ఆఫ్ అపలాచియా. ఉత్తరం రాసేటప్పుడు రెండు లేబుళ్ళ ఫొటోలు, ఖాళీ చుట్టు రాత, ఒక నిమిషం పాట పంపండి. ‘పాత రికార్డు దొరికింది’ అని మాత్రమే రాస్తే వాళ్ళు చేయగలిగింది ఏమీ ఉండదు. బేలర్ యూనివర్సిటీ ప్రాజెక్టు పేరు కూడా ఎవరైనా చెప్పవచ్చు, అది నల్లజాతి గాస్పెల్ కోసం. మీ రికార్డు దారి వేరు.

ఇంకో మాట. వారసులు దొరికితే వాళ్ళ పేర్లు, ఊళ్ళు ఇక్కడ పెట్టకండి. ముందు వాళ్ళకు పాట పంపండి. చాలా ఇళ్ళలో ఆ రికార్డు కాపీ ఒక్కటి కూడా మిగిలి ఉండదు.

జవాబు (హక్కుల_లెక్క)

ఆన్‌లైన్‌లో పెట్టడం గురించి. ‘పాతది, ఎవరూ అడగరు’ అన్నది చట్టం కాదు. ఒక రికార్డులో రెండు హక్కులుంటాయి.

శబ్దం మీద హక్కు: అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కు ముందటి రికార్డులను 2018 మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం కేంద్ర చట్టం కిందికి తెచ్చింది. 1957 నుంచి 1972 ఫిబ్రవరి 14 దాకా వచ్చినవాటికి రక్షణ 2067 ఫిబ్రవరి 15 వరకు. 1947 నుంచి 1956 వరకు వచ్చినవాటికి విడుదల నుంచి 110 ఏళ్ళు. మీది రెండిటిలో ఏదైనా ఇంకా రక్షణలోనే ఉంది.

అదే చట్టంలో మీకు పనికొచ్చే దారి ఉంది. రికార్డు మార్కెట్లో అమ్మకంలో లేదని నిజాయితీగా వెతికి చూసుకుని, లాభాపేక్ష లేకుండా వాడతానని కాపీరైట్ ఆఫీసులో నోటీసు దాఖలు చేయాలి. 90 రోజుల్లో హక్కుదారు అభ్యంతరం చెప్పకపోతే ఆ వాడకానికి రక్షణ ఉంటుంది. ఎక్కడెక్కడ వెతికారో తేదీలతో రాసి పెట్టుకోండి. ప్రకటనల డబ్బు వచ్చే చానల్లో పెడితే అది లాభాపేక్ష లేనిదని వాదించడం కష్టం.

పాట మీద హక్కు వేరు. అచ్చయి 95 ఏళ్ళు దాటిన కీర్తనలకు బెంగ లేదు. ఉదాహరణకు ఆల్బర్ట్ ఇ. బ్రమ్లీ ‘ఐల్ ఫ్లై అవే’ 1932లో అచ్చయింది, దాని లెక్క 2027 చివరికి ముగుస్తుంది. సొంత పాట అయితే ఆ కుటుంబం అనుమతే అసలైన దారి, అది దొరికితే నోటీసు గొడవ కూడా ఉండదు.

జవాబు (గాడి_చూపు)

సీపీ నంబరు దొరికింది కాబట్టి ఆలస్యం చేయకుండా డిస్కాగ్స్‌లో ఎక్కించండి. ఖాళీ చుట్టు రాతను ఖాళీలతో సహా ఉన్నది ఉన్నట్టు, పక్కకో గడిలో వేయండి. ఖాతా నంబరును గమనికలో మళ్ళీ రాయండి, రేపు ఇంకొకరు వెతికేది దానితోనే. సంవత్సరం గడిని ఖాళీగా వదలండి. అంచనా ఏడాది ఒకసారి వేస్తే దాన్ని చూసి నలుగురు పట్టికలు దిద్దుకుంటారు, తర్వాత సరిచేయడం చాలా కష్టం. మీరు కనిపెట్టిన రెండో కుటుంబం రికార్డు పేజీలో మీ నంబరు ప్రస్తావించి, దాని యజమానికి సందేశం పెట్టండి. ఆ రికార్డుకు అట్ట ఉందా, వెనక గుడి పేరుందా అని అడగండి.

రికార్డును యాసిడ్ లేని కాగితం లేదా పాలిథీన్ లోపలి సంచిలో నిలువుగా ఉంచండి. పీవీసీ సంచులు వద్దు, ఏళ్ళు గడిచేకొద్దీ పొగమంచులాంటి మరక దింపుతాయి. వేసవిలో ఎండలో నిలిపిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలకండి.